నేపాళ యాత్రకు బోవువారికి కొన్ని మాటలు

తెలుగువారికి యాత్రలు క్రొత్తవి కావు. చెన్నపట్టణమున నివసించిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున కాశికి బయలుదేరి, సుమారు పదునైదు మాసములు ప్రయాణము చేసి, త్రోవలోని ఊళ్లను, కనుమలను, నదులను, దొరకు వస్తువులను, దొరకని వస్తువులను దినచర్యగా వ్రాసియుంచిరి. మనవలెనే అరవదేశమున నివసించిన తెలుగువారు వ్రాసినది గనుక ఆ కాశీయాత్రా చరిత్రయందు మాకు ప్రత్యేకాభిమానము కలదు. త్రోవను పోవువానికి ఏమి కావలెనో వారెరుగుదురు.

ఇందుకు మారుగా ప్రవరాఖ్యుడు కలడు. పెద్దనగారి మనుచరిత్రమును పాఠము చెప్పునపుడెల్ల మేము విద్యార్థులతో ననుమాట యొకటి: సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసికొని హిమాలయమునకు పోయిన ఆ బ్రాహ్మణుడు పోవు త్రోవ నడిగెనే గాని వచ్చు త్రోవ నడుగలేదు. మంచు తగిలి పసరు కరగిపోయినది. తరువాతి కథ యెంత రమ్యమైనను, ప్రయాణ సన్నాహము మాత్రము లోపభూయిష్టము. ఒకనాడీ మాట చెప్పుచుండగా వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "అయ్యవారూ, మీరు హిమాలయం చూసినారా?" యని యడిగెను. చూడలేదంటిమి. ఆ ప్రశ్నయే మమ్ములను 2023 మే నెల సెలవులలో నేపాళమునకు పంపినదనవచ్చును. మా పాఠశాల ఉపాధ్యాయులు నలుగురు, విద్యార్థుల తల్లిదండ్రులు, అవ్వతాతలు కొందరు, మువ్వురు విద్యార్థులు కలిసి పదునలుగురము బయలుదేరితిమి. మన హోసూరు ప్రాంతమునుండి మరికొందరు పోవ నుద్దేశించుచున్నట్లు విని, మాకు తెలిసిన సంగతులు వారి కుపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము. (మన పల్లెలలో నేపాళమనగా విరేచనములకిచ్చు గింజ యని తలచువారు నేటికిని కలరు. మేము నేపాళము పోవుచున్నామని చెప్పగా ఒక పెద్దమనిషి మా కడుపుల కుశలము విచారించిరి.)

మొదట కాగితముల మాట. భారతీయులు నేపాళమునకు పోవుటకు వీసా యక్కరలేదు. కాని యక్కరలేదను మాటనే పట్టుకొని చేతులూపుకొనుచు బయలుదేరరాదు. విమానమున పోవు పెద్దలకు పాసుపోర్టు గాని, ఎన్నికల సంఘమువారి గుర్తింపు కార్డు గాని యుండి తీరవలెను. మనమన్నిటికిని చూపు ఆధారు కార్డు ఈ మధ్య వయస్సువారికి విమానాశ్రయమున చెల్లదు. పదునైదేండ్ల లోపు పిల్లలకును, అరువదియైదు దాటిన వృద్ధులకును కొంత సడలింపు కలదు. పదునైదు మొదలు పదునెనిమిదేండ్ల వరకుగల విద్యార్థులకు ప్రధానోపాధ్యాయులు నిర్ణీత పత్రముపై ఫోటోతో ధ్రువీకరణ మీయవచ్చును. ఈ పత్రమును బయలుదేరు ముందునాడు గాక నెల ముందుగనే అడుగుడని తల్లిదండ్రులకు మా మనవి.

రైలుమార్గమున పోవువారు బెంగుళూరునుండి గోరఖ్‌పూరు చేరి, అచ్చటనుండి బస్సుమీద సునౌలీ సరిహద్దునకు పోవలెను. సరిహద్దు దాటగానే భైరహవా యను పట్టణము. బుద్ధభగవానుడు జన్మించిన లుంబినీ దానికి సమీపముననే యున్నది. అశోకుని శిలాస్తంభమొకటి అచ్చట నేటికిని నిలిచియున్నది. మేము పోయినదీ మార్గముననే. పొదుపునకు రైలు, పెద్దవారి నడుములకు విమానము మంచివి.

ధనము విషయము. 1993 మొదలు మన నూరు రూపాయలకు వారి నూటయరువది రూపాయలు లెక్క. ఈ లెక్క తెలిసినంతమాత్రమున చాలదు. బజారున ధర చెప్పినపుడది 'ఐ.సి.'యా 'ఎన్.సి.'యా, అనగా మన రూపాయలా వారి రూపాయలా యని యడుగవలెను. మాలో నొకరు దుప్పటి బేరమాడి, మన రూపాయలని తలచి వెలయెక్కువని విడిచివచ్చి, మూడు వీధులు దాటిన పిమ్మట విషయము గ్రహించి మరల పరుగెత్తిరి. 2018లో నేపాళ ప్రభుత్వము నూరు రూపాయలకు మించిన భారత నోట్లను నిషేధించెను. ఆ నిబంధనలు తరువాత మారుచు వచ్చుచున్నవి గనుక, ఏ నోట్లు ఎంతవరకు తీసికొనిపోవచ్చునో బయలుదేరుటకు ముందు బ్యాంకులో విచారింపవలెను. 2024 నుండి మన యూ.పి.ఐ. చెల్లింపు కొన్ని దుకాణములలో చెల్లుచున్నది. కాని కొండమీద కరెంటు పోయిననాడు ఫోను జేబులో బరువు మాత్రమే. చిన్ననోట్లు చేత నుండవలెను.

గడియారమును పదునైదు నిమిషములు ముందునకు త్రిప్పుడు. నేపాళ కాలము మన కాలమునకు పావుగంట ముందు. వారపు సెలవు శనివారము. సంవత్సరములను వారు విక్రమశకమున లెక్కింతురు. భైరహవాలో వార్తాపత్రికపై 2080 అని చూచి మా విద్యార్థి యొకడు, "అయ్యవారూ, మనం యాభై ఏడేండ్లు ముందుకొచ్చేసినాము" అనెను.

ఇక కొండత్రోవల మాట. కొండ దేశమున దూరమును గంటలతో కొలువవలెను. హోసూరునుండి చెన్నపట్టణమునకు మున్నూరు కిలోమీటర్లు ఐదారు గంటలలో పోవు అలవాటు గలవారము మనము. కాఠ్మండునుండి పోఖరాకు ఇన్నూరు కిలోమీటర్లే. మాకు పదిగంటలు పట్టినది. రోడ్డును వెడల్పు చేయుచుండుటచే ఒకచోట రెండు గంటలు నిలిచితిమి. కావున నొక్క దినమున రెండు ఊళ్లు చూతమని పట్టిక వేసికొనువారు రెండింటిని గూడ బస్సు కిటికీనుండియే చూతురు. రాత్రివేళ కొండదారిని ప్రయాణము కూడదు. డ్రైవరు కూడదన్నను కాదనుడని ప్రార్థించు యాత్రికులను మేము చూచితిమి. అట్టివారి వెంట పోకుడు.

ఋతువు ముఖ్యము. అక్టోబరు, నవంబరు మాసములు శ్రేష్ఠము. ఆకాశము నిర్మలముగ నుండి మంచుకొండలు స్పష్టముగ కానవచ్చును. మార్చి, ఏప్రిలు మాసములును మంచివే. మే నెలలో త్రోవ బాగుండును గాని, కొండలు తరచు మసకలో దాగియుండును. మేము పోఖరాలో మూడుదినములుండి, మూడవనాటి ఉదయమున నలువది నిమిషములు మాత్రము మచ్చపుచ్ఛ శిఖరమును జూడగలిగితిమి. జూను మొదలు సెప్టెంబరు వరకు వానలు. కొండచరియలు విరిగి రోడ్లు తెగుచుండును. దసరా దినములలో నచ్చటివారును మనవలెనే స్వగ్రామములకు పోవుదురు గనుక బస్సులలో స్థలము దొరకుట కష్టము.

మంచి మాసమైనను వాతావరణ వార్త వినవలెననుటకు తెలుగువారెరిగిన యుదాహరణమే కలదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును కూల్చివేసిన హుద్‌హుద్ తుపాను అందరికి జ్ఞాపకముండును. ఆ తుపాను శేషము ఉత్తరమునకు పోయి, రెండు దినముల తరువాత నేపాళమున అన్నపూర్ణా ప్రాంతపు కొండలపై మంచుగా కురిసినది. ముక్తినాథమునకు పైనున్న థోరంగ్ కనుమ యెత్తు 5,416 మీటర్లు. అది యాత్రికులు విరివిగా పోవు కాలము. ఆ మంచు తుపానులోను, హిమపాతములలోను నలువదిమందికి పైగా మరణించిరి. మన సముద్రమున పుట్టిన గాలి హిమాలయమున ప్రాణములు తీసినది. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదని రేడియోలో విన్నపుడు అది తీరమునకు మాత్రమే సంబంధించినదని తలపరాదు.

వస్త్రముల గూర్చి: ఒక్క దళసరి కోటుకన్న పలుచని ఉన్నిబట్టలు మూడు పొరలుగ ధరించుట మేలు. మధ్యాహ్నము ఎండ కాయును, సాయంకాలము ఎముకలు కొరకు చలి పుట్టును. పొరలైనచో విప్పవచ్చును, తొడుగవచ్చును. నూలుబట్ట చెమటకు తడిసినచో ఆరక చలి పుట్టించును. క్రొత్తచెప్పులతో పోరాదు. నల్లకళ్లద్దములు సొగసుకు కావు. ఎత్తుకు పోయినకొలది ఎండతీవ్రత హెచ్చి కనులను బాధించును.

భోజనమున మన దక్షిణాదివారికి నేపాళమున చింతలేదు. దాల్‌భాత్ అనగా మన పప్పన్నమే. కూర, ఆకుకూర, ఊరుగాయ చేర్చి వడ్డింతురు, అడిగినకొలది మరల వేయుదురు. గుంద్రుక్ అని ఆకుకూరను పులియబెట్టి యెండించినది యొకటి కలదు. గోంగూరకు అలవాటుపడిన నాలుకకది పరాయిది కాదు. ఎంగిలి పట్టింపు వారికిని కలదు. దానిని 'జూఠో' అందురు. తినుచున్న చేతితో వడ్డించు పాత్రను తాకరాదు. కొండపైన అన్నము ఆలస్యముగ వచ్చినదని వంటవారిని కోపింపకుడు. గాలి పలుచనైనచోట నీరు నూరు డిగ్రీల వరకు కాగదు. ముక్తినాథమువంటి యెత్తున తొంబది డిగ్రీలకు లోపలనే మరుగును గనుక పప్పుడుకుటకు చాలసేపు పట్టును. త్రాగునీరు కాచినదై యుండవలెను.

ఇప్పుడు మేము ముఖ్యముగ చెప్పదలచినదానికి వచ్చుచున్నాము.

మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు తొమ్మిదివందల మీటర్ల ఎత్తున నున్నది. పోఖరా దాదాపు అంతే. కాఠ్మండు పదునాలుగు వందలు. ఇంతవరకు మన శరీరమునకు తేడా తెలియదు. పోఖరానుండి కాళీగండకీ నది వెంట ఉత్తరమునకు పోవు రోడ్డు జోమ్‌సోమ్ అను ఊరికి చేర్చును. అది 2,700 మీటర్లకు కొంచెము పైన. అచ్చటికి ఇరువది కిలోమీటర్లకు పైగానున్న ముక్తినాథము సుమారు 3,700 మీటర్లు. పూర్వము పాదచారులై ఈ మార్గమును అనేక దినములకు చేరుచుండిరి. అలసటయే వారికి రక్షణగ నుండెను. ఇప్పుడు జీపు ఒక్కదినముననే పోఖరానుండి ముక్తినాథమునకు చేర్చుచున్నది. కాళ్లకు శ్రమ తగ్గినది. ఊపిరితిత్తులకు వ్యవధి తగ్గినది.

ముక్తినాథమున ఒక్క ఊపిరికి లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో దాదాపు మూడింట రెండువంతులే. దీనికి శరీరమలవాటుపడుటకు దినములు కావలెను. అట్లు కానిచో తలనొప్పి, వికారము, అన్నద్వేషము, తలతిరుగుడు, నిద్రలేమి కలుగును. సాధారణముగ 2,500 మీటర్లు దాటినపిమ్మట ఇవి కనబడును. మూడువేల మీటర్లకు పైన ఒక రాత్రి నిద్రించినచోటికంటె మరుసటి రాత్రి ఐదువందల మీటర్లకు మించి పైన నిద్రింపరాదనియు, మూడు నాలుగు దినములకొకసారి విశ్రాంతి దినముండవలెననియు వైద్యులు చెప్పుదురు. పగలు పైకి పోయివచ్చినను రాత్రి క్రిందనే నిద్రించుట క్షేమము. బలవంతునికి రాదు, బలహీనునికి వచ్చుననుటకు వీలులేదు. కాలేజీ పందెములలో పరుగెత్తినవాడు పడిపోవచ్చును, పక్కనున్న పెద్దవారు మామూలుగ తిరుగవచ్చును. కూర్చుండియున్నను ఆయాసము తగ్గకపోవుట, నడక తడబడుట, మాట పొందిక తప్పుట, ఇవి ప్రమాద చిహ్నములు. అప్పుడు మందు, ప్రార్థన, మరునాటివరకు చూతమనుట పనికిరావు. వెంటనే క్రిందికి దింపవలెను. అసిటజోలమైడ్ అను మాత్ర ఈ రుగ్మతను నివారించుటకు వాడుదురు. అది మన యూరి వైద్యుని యడిగి, ఇతర జబ్బులు, ఇతర మందులు చెప్పి తీసికొనవలసినదేగాని, తోటి యాత్రికుడిచ్చినదని మ్రింగదగినది కాదు.

ఇదంతయు మేము పుస్తకములలో చదివియే బయలుదేరితిమి. జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులుండి, ఉదయము పైకి పోయి ముక్తినాథుని దర్శించి, సాయంకాలమునకు క్రిందికి వచ్చునట్లు ఏర్పాటు చేసికొని, బసకు ధనము గూడ ముందే చెల్లించియుంటిమి. తీరా జోమ్‌సోమ్ చేరగా ఏర్పాటు చేసిన సంస్థవారి మనిషి వచ్చి, ఆ గదులు వేరొకరికిచ్చితిమనియు, ఆలయము క్రిందనున్న రాణీపౌవా గ్రామమున ఇంతకంటె మంచి గదులు సిద్ధపరచితిమనియు చెప్పెను. ఊరంతయు వెదకినను పదునలుగురకు చోటు దొరకలేదు. సాయంకాలమగుచున్నది. ఆ లోయలో మధ్యాహ్నమునుండి వీచు గాలి మనుష్యుని నిలువనీయదు. ఉత్తరమునగల పీఠభూమి ఎండకు వేడెక్కి లోయగాలిని పైకి లాగుకొనుచుండును గనుక, అచ్చట విమానములు గూడ ఉదయముననే వచ్చి పోవును. వేరుదారి లేక పైకి పోయితిమి.

మాతో వచ్చినవారిలో ఒక విద్యార్థి అవ్వ కలదు. వయస్సు అరువదియెనిమిది. ప్రతి సంవత్సరము అలిపిరి మెట్లెక్కి తిరుమల పోవు అలవాటు గలది. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది చిత్తూరు జిల్లాలో గనుక ఆ మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు మాకును తెలియును. సగము త్రోవలో కూర్చుండు రాళ్లు గూడ తెలియును. ఆమె ఎచ్చటను కూర్చుండదు. అట్టి మనిషి ఆ రాత్రి అన్నము ముట్టలేదు. తల పగిలిపోవుచున్నదనెను. రెండుసార్లు వాంతి యైనది. "ఏమీ లేదయ్యా, జీపు కుదుపులు" అని మరల మరల చెప్పెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు మనుమడు వచ్చి మమ్ములను లేపి, అవ్వ గోడ పట్టుకొని నడుచుచున్నదని చెప్పెను. మేము పోయి, నేలపై బండల నడిమి గీతను చూపి, మడమకు బొటనవ్రేలు తాకించుచు నడువుమంటిమి. మూడవ అడుగున ఆమె ప్రక్కకు ఒరిగినది.

ఆలయము అచ్చటికి అరగంట నడక. చీకటిలో దాని దీపము కనబడుచుండెను. క్రిందికి పోవలెనని మేము చెప్పగా ఆమె మంచముమీద కూర్చుండి, "అయ్యవారూ, యాభై ఏండ్లుగా ఏడుకొండలు ఎక్కినదాన్ని. ఇంతదూరం వచ్చి సామి గడప కాడనుంచి తిరిగిపోతే నన్ను చూసి ఎవరు నవ్వరయ్యా? గుర్రముంది కదా, గుర్రమ్మీద పోతాను. చూసినాక చచ్చినా పర్వాలేదు" అనెను. ఆమె కొడుకు, కోడలు చేసిన ఖర్చు, ఎన్నియేండ్లనుండియో కూడబెట్టిన ధనము, ఊరిలో చెప్పివచ్చిన మాటలు మాకు తెలియనివి కావు. కొడుకు మా మొగము చూచెను. ఔనని గాని కాదని గాని చెప్పలేకపోయెను. మాకును నోట మాట రాలేదు. అప్పుడు ఆ బాలుడు, తొమ్మిదవ తరగతి చదువువాడు, ఆమె మేజోళ్లు తీసి తొడుగుచు, "అవ్వా, సామి యాడికీ పోడు. నువ్వు పోతే ఎట్ల?" అనెను.

అవ్వ మరి మాటలాడలేదు. డ్రైవరును లేపితిమి. అతడు ఇటువంటివి ఎరిగినవాడు గనుక ప్రశ్న వేయక బండి తీసెను. అవ్వ, కొడుకు, మనుమడు, మేము, నలుగురమును దిగితిమి. మిగిలినవారిని మా లెక్కల అయ్యవారికి అప్పగించితిమి. త్రోవలో తెల్లవారినది. ధవళగిరి శిఖరముపై ఎండ పడినది, కాని బండిలో నెవ్వరును దానివైపు చూడలేదు. జోమ్‌సోమ్‌లోని జిల్లా ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టిరి, మందిచ్చిరి, ఒక గంట ఆలస్యమైనను మాటలు వేరుగ నుండెడివని వైద్యుడు చెప్పెను. మధ్యాహ్నమునకామె, "అన్నం దొరుకుతుందా?" అని యడిగినది. ఆ మాట విని కొడుకు బయటికి పోయి చాలసేపటికి గాని తిరిగి రాలేదు.

కావున ముక్తినాథుని ఆలయము మేము చూడలేదు. చూచివచ్చినవారు చెప్పినది వ్రాయుచున్నాము. ఆలయము వెనుక అర్ధచంద్రాకారముగ నూటయెనిమిది ధారలు వృషభముఖములనుండి పడుచుండును. వైష్ణవుల నూటయెనిమిది దివ్యదేశములలో నీ క్షేత్రమును ఒకటి. బౌద్ధులకును ఇది పుణ్యస్థలమే. బౌద్ధ సన్న్యాసినులు అచ్చట సేవ చేయుచుందురు. సమీపముననే నీటి చెంత భూమినుండి వెడలు వాయువువలన నిత్యమును చిన్నజ్వాల వెలుగుచుండును. ధారల నీరు మంచునీరు. హృద్రోగులును, ఒంట్లో నలతగా నున్నవారును అన్నిటి క్రింద తడియవలెనను నియమము పెట్టుకొనరాదు. చల్లుకొన్నను స్నానమే యని అచ్చటి పూజారియే చెప్పెనట.

జోమ్‌సోమ్‌లో మేమున్న రెండుదినములు వ్యర్థము కాలేదు. కాళీగండకీ యొడ్డున నల్లరాళ్లు పగిలినచోట చక్రములు కనబడును. అవియే సాలగ్రామములు. మా విజ్ఞానశాస్త్రపు అయ్యవారు దిగివచ్చిన పిమ్మట ఆ బాలునికి చెప్పినది యిది: అవి కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రమున జీవించిన గుల్లజాతి ప్రాణుల శిలావశేషములు. భారత భూఖండము ఉత్తరమునకు జరిగి ఆసియాతో ఢీకొనగా, నడుమనున్న సముద్రపు అడుగు పైకి లేచి హిమాలయమైనది. ఈ రాపిడి యాగలేదు. 2015 ఏప్రిలు 25న నేపాళమును కదిలించి, దాదాపు తొమ్మిదివేలమందిని బలిగొన్న భూకంపమునకు కారణమదియే. అవ్వ ఇదంతయు విని, "సముద్రంలో ఉన్న సామి కొండెక్కినాడు. నేను దిగినాను" అని నవ్వెను. సాలగ్రామములు కొనువారు దేశము దాటించుటకు నియమములేమో ముందు విచారింపవలెను. అన్నపూర్ణా సంరక్షణ ప్రాంతమున ప్రవేశించుటకును అనుమతి పత్రము కావలెను. రెండు ఫోటోలు వెంట నుంచుకొనుడు.

ఆ ఆసుపత్రిలో నొక నర్సుతో బాలుడు ఆంగ్లమున మాటలాడుచుండెను. ఆమె యింటిభాష థకాలీ. బడిలో చదివినది నేపాలీ. తన కూతురు ఆంగ్లమాధ్యమమున చదువుచున్నదనియు, అవ్వతో థకాలీలో సగము మాత్రమే మాటలాడగలదనియు చెప్పినదట. "మనింట్లో మాదిరే అయ్యవారూ" అని వాడు వచ్చి మాతో చెప్పెను. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కార్యాలయమున అరవము వినుచు పెరుగు మన పిల్లలకది బోధపడుటలో వింతలేదు. నేపాళమున 2021 జనాభా లెక్కలలో నూటయిరువదినాలుగు మాతృభాషలు నమోదైనవి. కాఠ్మండు లోయలోని నేవారీ భాషకు ప్రాచీన సాహిత్యము కలదు. రాణాల పరిపాలనలో నా భాషలో వ్రాయుటయే నేరమైనది. చిత్తధర హృదయ యను కవిని 1941లో చెరలోనుంచగా, ఆయన అచ్చటనే రహస్యముగ బుద్ధచరిత్రమును మహాకావ్యముగ వ్రాసెను. కాఠ్మండు పోయినవారు పశుపతినాథుని దర్శించి దుప్పట్లు కొని తిరిగివచ్చుటతో తృప్తిపడక, పాటన్, భక్తపూరు వీధులలో నొకపూట నడచి, ఇంటి ముంగిట కూర్చున్నవారి మాటలు వినవలెనని మా కోరిక. పశుపతినాథమున ప్రధానార్చకులు దక్షిణాదినుండి, కర్ణాటక ప్రాంతమునుండి పోయిన భట్టులే యగుట మనకు ముచ్చట గొలుపును. తోలు వస్తువులు ఆలయములోనికి కొనిపోరాదు. స్తూపములకు, మంత్రములు చెక్కిన రాతిగోడలకు కుడిప్రక్కనుంచుకొని ప్రదక్షిణముగ నడువవలెను.

మాటలాడుటకు హిందీ వచ్చిన పని జరుగును, రాకున్నను జరుగును. పెద్ద స్త్రీని 'దీదీ' అనియు, పురుషుని 'దాయీ' అనియు పిలువవలెను. మన అక్కా, అన్నా వంటివే. వరుస పెట్టి పిలిచినవానికి ఆ దేశమున త్రోవ చెప్పనివారిని మేము చూడలేదు.

ఒక్క హెచ్చరిక. 2025 సెప్టెంబరులో కాఠ్మండున అల్లరులు చెలరేగి విమానాశ్రయము మూతపడినది. ఆంధ్రప్రదేశ్‌నుండి పోయిన యాత్రికులు చిక్కుపడగా వారిని ప్రత్యేక విమానమున రప్పింపవలసివచ్చెను. భారత రాయబార కార్యాలయపు ఫోను సంఖ్యను ఫోనులోనేగాక కాగితముపై వ్రాసి ప్రతివారి జేబులో నుంచవలెను. తిరుగు ప్రయాణమునకును, సెలవు ముగియుటకును నడుమ మూడు దినములైన ఖాళీ యుండవలెను.

వచ్చు మే నెలలో మరల పోవ నుద్దేశించియున్నాము. జోమ్‌సోమ్‌లో మూడు రాత్రులు, పైన ఒక్క రాత్రియు లేదు. బసవారితో ఈసారి నేరుగా మాటలాడి వ్రాతమూలకముగ తీసికొంటిమి. రాదలచిన తల్లిదండ్రులు జనవరి నెలలోగా పాఠశాలలో పేర్లీయవలెను. అరువది దాటినవారు వైద్యుని పత్రము జతపరుపవలెను. ఇంతవరకు ఆరుగురి పేర్లు వచ్చినవి. మొదటి పేరు అవ్వదే. వైద్యుని పత్రము గూడ తెచ్చినది. మనుమనికి మాత్రము ఆ నెలలో పరీక్షలు కలవు.